ఓడ వెళ్ళిపోయాక ఊరేమైంది?
'ఏడు తరాలు' మీద కొన్ని మాటలు

బానిసత్వం గురించి తెలుగులో మాట వస్తే ముందుగా గుర్తొచ్చే పుస్తకం 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 1976లో ఇంగ్లీషులో ప్రచురించిన 'రూట్స్' నవలను సహవాసి తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. అప్పటి నుంచి ఇది హాస్టలు గదుల్లో, సంఘాల ఆఫీసుల్లో, టీచరు ట్రైనింగు తీసుకునేవాళ్ళ మధ్య చేతులు మారుతూనే ఉంది. ఎందుకు మారుతోందో మనకు తెలుసు. పారిపోయినందుకు పాదం నరికేసినా కుంటా కింటే లొంగడు. తన భాషలో నదిని ఏమంటారో, వాద్యాన్ని ఏమంటారో కూతురు కిజీకి నేర్పుతాడు. ఆ నాలుగు మాటలే తరాలు దాటి మునిమనవళ్ళకు ఊరి దారి చూపిస్తాయి. ఇంట్లో మాట్లాడే భాష పిల్లల నోట పలచబడిపోతోందని బాధపడే మనకు ఈ ఒక్క సంగతి చాలు, ఆ పుస్తకాన్ని దగ్గర పెట్టుకోవడానికి.

ఆ గౌరవం తగ్గకుండానే ఈ నవలను ఒక ప్రశ్న అడగాలని మా ఉద్దేశం. 1767లో, పదిహేడేళ్ళ వయసులో, డోలు చేసుకోవడానికి చెట్టు మొద్దు కోసం వెళ్ళి కుంటా పట్టుబడతాడు. అక్కడితో కథ ఓడ ఎక్కుతుంది. అతనితో మనమూ ఎక్కుతాం. తండ్రి ఒమొరో, తల్లి బింటా, తమ్ముడు లామిన్ జుఫూరేలోనే ఉండిపోతారు. ఆ ఏడు వాళ్ళ చేను ఎవరు దున్నారు? ఆ తర్వాత పిల్లల్ని ఒంటరిగా అడవికి పంపారా? పొరుగూరి మనిషి వాకిట్లోకి వస్తే కూర్చోమన్నారా, కర్ర పట్టుకున్నారా? నవల చెప్పదు. ఆఖరున హేలీ గాంబియా వెళ్ళి, వంశకథలు చెప్పే గ్రియో ముందు కూర్చునేదాకా ఊరు మళ్ళీ కనిపించదు. అప్పటికీ ఊరికి గుర్తున్నది ఒక్క ముక్కే: కుంటా కట్టె కోసం వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.

బానిస వ్యాపారం అమెరికాకు ఏం చేసిందో ఈ నవల వల్ల మనకు బాగా తెలిసింది. ఆఫ్రికాకు ఏం చేసిందో తెలియలేదు. మనుషుల్ని పోగొట్టుకున్న ఊళ్ళ పొలం, సంత, పంచాయితీ, పొత్తు ఎలా మారిపోయాయన్నది ఇంకో పెద్ద కథ. ఆ కథ పక్కన పెట్టుకుని చదివితేనే 'ఏడు తరాలు' పూర్తిగా అర్థమవుతుందని మా వాదన.

జుఫూరే ఎలాంటి ఊరు?

హేలీ చూపించే జుఫూరే తన పాటికి తాను బతికే ఊరు. వరి పండుతుంది, మేకలు మేస్తాయి, పెద్దలు న్యాయం చెబుతారు. తెల్లవాడు ఎక్కడో దూరాన ఉన్న భయం. నవల మరీ అమాయకమైనదని మేము అనడం లేదు. తెల్లవాళ్ళకు మనుషుల్ని పట్టి ఇచ్చే నల్లవాళ్ళు ఉన్నారని పెద్దలు పిల్లలను హెచ్చరిస్తారు. ఊళ్ళోనే బానిసలున్న సంగతి, వాళ్ళ మంచిచెడ్డలు ఒమొరో కొడుకులకు వివరిస్తాడు. కానీ ఇవన్నీ అంచున వినిపించే మాటలు. ఊరి నడుమ మాత్రం కల్మషం లేని జీవితం సాగుతూ ఉంటుంది.

చరిత్రలోని జుఫూరే గాంబియా నది ఒడ్డున ఉన్న వర్తక స్థలం. ఎదురుగా నదిలో జేమ్స్ దీవి, దాని మీద ఇంగ్లీషువాళ్ళ కోట. ఇటు ఒడ్డున జుఫూరేలోనూ ఇంగ్లీషు వర్తకుల మకాం. ఆ ప్రాంతాన్ని ఏలిన నియూమి రాజ్యం నదిలోకి వచ్చే ఓడల దగ్గర సుంకం తీసుకునేది. ఆ దీవి 2003లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2011లో దానికి కుంటా కింటే దీవి అని పేరు పెట్టారు.

నియూమి చరిత్ర రాసిన డొనాల్డ్ రైట్ చెప్పేదేమిటంటే, ఇక్కడ ఓడ ఎక్కినవాళ్ళలో ఎక్కువమంది నది ఎగువ నుంచి, చాలా లోపలి ప్రాంతాల నుంచి నడిపించి తెచ్చిన బందీలు. వర్తకులతో ఒప్పందం ఉన్న రాజ్యంలో, కోట ఎదుటి ఊరి కుర్రాణ్ణి ఎత్తుకుపోవడం అరుదు. అలా చేస్తే వ్యాపారమే ఆగిపోతుంది. హేలీ విన్న గ్రియో కథ మీద, ఆయన చెప్పుకున్న వంశక్రమం మీద 1980ల మొదట్లోనే పరిశోధకులు సందేహాలు లేవనెత్తారు.

నవలాకారుడు కల్పించుకోవచ్చు. దాని మీద మాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, జుఫూరేను వ్యాపారానికి బయట ఉన్న ఊరుగా చూపడంతో పాఠకుడికి ఒక ముఖ్యమైన విషయం అందకుండా పోయింది. వ్యాపారం అప్పటికే ఊళ్ళోకి వచ్చి కూర్చుంది. ఎవరు సుంకం తినాలి, ఎవరు గుడ్డ కొనాలి, ఎవరి ఊరు తగలబడాలి అన్నది అదే తేలుస్తోంది. జుఫూరే భద్రంగా ఉన్నదంటే, ఎగువన పేరు తెలియని ఇంకో ఊరు దానికి ధర చెల్లిస్తోందని అర్థం. ఆ పేరులేని ఊరే ఆఫ్రికాలో ఎక్కువ.

లెక్కలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

ఓడల రికార్డులను దశాబ్దాల పాటు పోగుచేసిన చరిత్రకారుల అంచనా ప్రకారం 1501 నుంచి 1866 దాకా అట్లాంటిక్ ఓడల్లోకి ఎక్కించిన ఆఫ్రికన్లు సుమారు 1 కోటి 25 లక్షల మంది. అవతలి ఒడ్డున దిగింది సుమారు 1 కోటి 7 లక్షలు. మిగిలిన 18 లక్షల మంది సముద్రం పాలయ్యారు. ఇప్పటి అమెరికా సంయుక్త రాష్ట్రాల నేలకు ఆఫ్రికా నుంచి నేరుగా చేరింది 4 లక్షలకు లోపే. ఒక్క బ్రెజిల్‌కు చేరినవాళ్ళు 48 లక్షల దాకా ఉంటారు. బానిసత్వం అంటే అమెరికా పత్తిచేలే అని 'ఏడు తరాలు' ద్వారా అనుకునే మన విద్యార్థులకు ముందు ఈ అంకెలు చూపించాలి.

ఈ లెక్క ఓడ దగ్గర మొదలవుతుంది. ఊరి లెక్క అంతకు చాలా ముందే మొదలవుతుంది. దాడిలో చచ్చినవాళ్ళు, గాదెలు కాలిపోయి తర్వాతి నెలల్లో ఆకలికి పోయినవాళ్ళు, మెడకు కొయ్య తగిలించి నడిపించే దారిలో కూలిపోయినవాళ్ళు, తీరంలోని చెరసాలల్లో జ్వరాలకు పోయినవాళ్ళు ఏ కెప్టెను పుస్తకంలోనూ లేరు. సహారా ఎడారి, ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రం మీదుగా అంతకు ముందు నుంచీ సాగిన వ్యాపారాలు ఈ లెక్కకు బయట ఉన్నాయి. హిందూ మహాసముద్రం దారిన వచ్చిన ఆఫ్రికన్ల వారసులు మన దగ్గరా ఉన్నారు. కర్ణాటక అడవుల్లోని సిద్దీలు వాళ్ళే. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట పేరులో ఉన్నది నిజాం కొలువులోని ఆఫ్రికన్ గుర్రపు దళమే.

పోయింది ఎవరన్నది కూడా చూడాలి. అట్లాంటిక్ దాటించినవాళ్ళలో మూడింట రెండు వంతులు మగవాళ్ళు. దాదాపు నాలుగో వంతు పిల్లలు. ముసలివాళ్ళను వర్తకుడు కొనడు. అంటే ఊళ్ళో దుక్కి దున్నే చేయి, ఇనుము కొట్టే చేయి, రేపు బిడ్డల్ని కనాల్సిన వయసు పోయాయి. అంగోలాలో పోర్చుగీసు అధికారులు 1777-78లో రాయించిన జనాభా లెక్కలో పెద్ద వయసు ఆడవాళ్ళు మగవాళ్ళకు దాదాపు రెట్టింపు ఉన్నారు. చెట్లు కొట్టి కొత్త చేను తీయడం, వేట, చేపలు పట్టడం లాంటి పనులకు చేతులు కరువై, ఇంటి భారమంతా ఆడవాళ్ళ మీద పడింది. 1850 నాటికి ఉష్ణమండల ఆఫ్రికాలో ఉన్న జనం, ఈ వ్యాపారం లేకుంటే ఉండాల్సినవాళ్ళలో సగమేనని పాట్రిక్ మానింగ్ అనే చరిత్రకారుడు లెక్కగట్టారు. అది జనగణన కాదు, అంచనా. కానీ అంచనాలో సగం తప్పనుకున్నా అది మామూలు నష్టం కాదు.

'వాళ్ళవాళ్ళే అమ్ముకున్నారు కదా?'

ఈ పాఠం చెప్పే ప్రతి టీచరుకూ ఎదురయ్యే ప్రశ్న ఇది. ఎగతాళిగా అడిగేవాళ్ళు కొందరు, నిజంగా తెలుసుకోవాలని అడిగేవాళ్ళు కొందరు. 'ఏడు తరాలు'లో దీనికి నిలబడే జవాబు దొరకదు. అందుకే ఆ నవల చదివిన పిల్లవాడు కూడా ఈ ప్రశ్న ముందు తెల్లమొహం వేస్తాడు.

జవాబు దాటవేయకూడదు. అంగోలా వంటి చోట్ల పోర్చుగీసువాళ్ళు స్వయంగా యుద్ధాలు చేసి మనుషుల్ని పట్టారు. చాలా చోట్ల మాత్రం తెల్లవాళ్ళు తీరంలోని కోటల్లో ఉండి కొన్నారు, పట్టి తెచ్చింది ఆఫ్రికా రాజులూ వర్తకులే. అయితే 'వాళ్ళవాళ్ళు' అనే మాటలోనే తిరకాసు ఉంది. తనను తాను 'ఆఫ్రికన్' అనుకున్న మనిషి ఆనాడు లేడు. మండింకా, వొలోఫ్, ఇగ్బో, ఫాన్, కొంగో జనాలు వేరువేరు. ఫ్రెంచి సైన్యం ఇంగ్లీషువాళ్ళను చంపితే 'యూరప్‌వాళ్ళు తమవాళ్ళనే చంపుకున్నారు' అని ఎవరూ అనరు.

ఇక రెండో మాట. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. 1526లో కొంగో రాజు మొదటి అఫోన్సో పోర్చుగల్ రాజుకు ఉత్తరాలు రాశాడు. వర్తకులు తన ప్రజల్ని, పెద్దింటి బిడ్డల్ని, చివరకు తన బంధువుల్ని కూడా ఎత్తుకుపోతున్నారని, దేశం ఖాళీ అవుతోందని మొరపెట్టుకున్నాడు. తన దేశానికి పంతుళ్ళూ మతగురువులూ కావాలిగానీ సరుకులు అక్కర్లేదన్నాడు. అదే అఫోన్సో యుద్ధ ఖైదీలను అమ్మినవాడు కూడా. తలుపు కొంచెమే తెరుద్దామనుకున్నాడు, మూయడం అతని చేతుల్లో లేకపోయింది. 1665లో మ్బ్విలా యుద్ధంలో పోర్చుగీసు సైన్యం చేతిలో కొంగో రాజు చనిపోయాక ఆ రాజ్యం అంతర్యుద్ధాల్లో పడింది. ఓడిన ప్రతి వర్గం మనుషులూ తీరానికి చేరారు. బెనిన్ రాజ్యమైతే 16వ శతాబ్దంలో మగ బందీల ఎగుమతిని ఆపి, చాలాకాలం ఆ మాట మీద నిలబడింది. మిరియాలూ గుడ్డలూ దంతమూ అమ్ముకుని బతకగలిగింది. కాబట్టి అమ్మడం ఆఫ్రికా రక్తంలో ఉన్న గుణం అనేవాళ్ళకు బెనిన్‌ను చూపించాలి.

మరి ఎందుకు ఎక్కువమంది అమ్మారు? ఇక్కడ తుపాకీ సంగతి వస్తుంది. 18వ శతాబ్దం రెండో సగంలో పశ్చిమ ఆఫ్రికాకు ఏటా దాదాపు 3 లక్షలు, అంతకంటే ఎక్కువే, తుపాకులు దిగుమతి అయ్యాయని నైజీరియా చరిత్రకారుడు జోసెఫ్ ఇనికోరి అంచనా వేశారు. వాటిలో చాలా తుపాకులు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ తయారీ. పక్క రాజ్యం చేతికి తుపాకీ వచ్చింది. నీ దగ్గర లేదు. అది కావాలంటే వర్తకుడు మనిషిని అడుగుతాడు. మనిషి కావాలంటే ఇంకో ఊరి మీద పడాలి. పడకపోతే రేపు నీ మీదే పడతారు. దహోమీ రాజ్యం 1724లో అల్లాడాను, 1727లో విదా రేవును పట్టుకుని సముద్రం దాకా దారి చేసుకుంది. ఆ ఒక్క రేవు నుంచే మొత్తం మీద పది లక్షలకు పైగా మనుషులు ఓడలెక్కారు.

చిన్న జనాలు కూడా ఈ ఉచ్చులో పడ్డారు. ఇప్పటి గినీ-బిస్సావులో బలాంటా జనానికి రాజు లేడు, కోట లేదు. ఊరి పెద్దలే అన్నీ. వాళ్ళు దాడులకు దొరక్కుండా ఉప్పునీటి మడ అడవుల్లోకి జరిగి, కట్టలు పోసి వరి పండించారు. ఆ బురద నేల తవ్వాలంటే ఇనుప పార కావాలి, కాపలాకు ఇనుప బల్లెం కావాలి. ఇనుప కడ్డీలు తెచ్చే వర్తకుడు బదులుగా బందీలనే అడిగాడు. బలాంటా కుర్రాళ్ళు కూడా మనుషుల్ని పట్టి అమ్మారు. చరిత్రకారుడు వాల్టర్ హాథార్న్ వివరించిన ఈ సంగతి మన యువత తప్పక చదవాల్సింది. ఆత్మరక్షణకు కావలసిన వస్తువునే మనిషి ధరకు అమ్మితే, మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ అని ఊళ్ళను విడదీయడం తేలిక కాదు.

న్యాయం కూడా సరుకైపోయింది. ఇప్పటి నైజీరియా తూర్పు ప్రాంతంలో అరో వర్తకులకు అరోచుక్వులో పేరుమోసిన దైవస్థానం ఉండేది. తగాదాలు తీర్చుకోవడానికి దూరాల నుంచి జనం వచ్చేవారు. దైవం దోషి అని తేల్చినవాళ్ళు మళ్ళీ కనిపించేవారు కాదు. దైవం మింగిందని బయట చెప్పేవారు, లోపలి నుంచి వాళ్ళను తీరానికి తరలించి అమ్మేవారు. దొంగతనం, వ్యభిచారం, చేతబడి నెపం, తీర్చలేని అప్పు అన్నింటికీ ఒకటే శిక్ష కావడం చాలా చోట్ల జరిగింది. పంచాయితీలో కూర్చునే పెద్దమనిషికి శిక్ష వల్ల లాభం వస్తున్నప్పుడు ఆ పంచాయితీ దగ్గరకు ఎవరు వెళతారు?

వచ్చిన సరుకు, పోయిన మనిషి

మనుషులకు బదులుగా ఏం వచ్చాయి? తుపాకులు, మందు, సారా, పొగాకు, ఇనుప కడ్డీలు, ఇత్తడి కడియాలు, గవ్వలు, అన్నిటికంటే ఎక్కువగా గుడ్డ. ఇక్కడ మన సముద్రతీరం పేరు వస్తుంది. కోరమాండల్ తీరంలో నేసి యూరప్ కంపెనీలు కొన్న ఒక రకం నూలు గుడ్డకు 'గినీ గుడ్డ' అనే పేరు. గినీ అంటే పశ్చిమ ఆఫ్రికా తీరం. డచ్చి, ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీలు మచిలీపట్నం వంటి రేవుల నుంచి గుడ్డ ఎత్తుకుపోయి, యూరప్ మీదుగా ఆఫ్రికా తీరానికి చేర్చాయి. మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి తన గుడ్డ దేనికి మారుతుందో తెలిసే దారి లేదు.

గవ్వల కథ ఇంకా విచిత్రం. మాల్దీవుల్లో ఏరిన గవ్వలు ఓడ అడుగున బరువుగా యూరప్ చేరి, అక్కడి నుంచి విదా వంటి రేవులకు పోయేవి. పశ్చిమ ఆఫ్రికాలో అవి డబ్బు. 18వ శతాబ్దంలో వందల కోట్ల గవ్వలు అలా వచ్చి పడ్డాయి. 19వ శతాబ్దంలో జర్మనీ వర్తకులు జాంజిబార్ గవ్వలను గుట్టలుగా దింపేసరికి వాటి విలువ పడిపోయింది. తర్వాత వలస ప్రభుత్వాలు తమ నాణేలు తెచ్చి గవ్వలు చెల్లవన్నాయి. మనిషిని ఇచ్చి దాచుకున్న డబ్బు కుండలోనే గవ్వగా మిగిలిపోయింది.

ఈ మారకాన్ని మొత్తంగా చూసి వాదన కట్టినవాడు వాల్టర్ రాడ్నీ. 1942లో గయానాలో పుట్టి, టాంజానియాలోని దారెస్సలాంలో పాఠాలు చెప్పి, 1980లో సొంత దేశంలో బాంబు పేలుడులో హత్యకు గురైన చరిత్రకారుడు. ఆఫ్రికాను యూరప్ ఎలా వెనకబడేసిందో చెప్పే ఆయన పుస్తకం 1972లో వచ్చింది. ఆయన దృష్టిలో ఆఫ్రికా వెనకబడి ఉండలేదు, వెనక్కి నెట్టబడింది. మనుషులు పోవడం ఒక నష్టం. మిగిలినవాళ్ళు భయంలో బతకడం రెండో నష్టం. వ్యవసాయం, కమ్మరం, నేత పెంచుకోవాల్సిన తెలివి మనిషిని పట్టే పనికి మళ్ళడం మూడో నష్టం. కొన్న సరుకులో కొత్త వస్తువును తయారుచేసే పనిముట్టు లేకపోవడం నాలుగోది. బానిసను అమ్మి తెచ్చిన తుపాకీతో ఇంకో బానిసను పట్టవచ్చు, మరి ఏమీ పండించలేం.

రాడ్నీతో విభేదించినవాళ్ళ మాట కూడా వినాలి. మొత్తం పశ్చిమ ఆఫ్రికా ఆర్థికంలో సముద్ర వ్యాపారం చిన్న భాగమేనని కొందరన్నారు. ఆఫ్రికా వర్తకులు మోసపోయిన అమాయకులు కారు, బేరం తెలిసినవాళ్ళు అని జాన్ థార్న్‌టన్ చూపించారు. దిగుమతి గుడ్డ వచ్చినా స్థానిక నేత అంతా కూలిపోలేదు. ఉత్తర నైజీరియాలోని కానో నేతకు 19వ శతాబ్దంలోనూ గొప్ప పేరు. ఇవి సరైన సవరణలే. రాడ్నీ ఖండాన్నంతా ఒకే ముద్దగా చూశాడన్న విమర్శలో నిజం ఉంది. అయినా ఆయన ముఖ్యమైన మాటను ఇవి కదపలేవు. బేరంలో ఆరితేరిన వర్తకుడు లాభపడవచ్చు. అతను అమ్మిన మనిషి ఊరికి ఆ లాభంలో వాటా లేదు. ఒక రాజ్యం బలపడింది కాబట్టి ఆ ప్రాంతం బాగుపడిందని లెక్క వేసేవాళ్ళు, తగలబడిన ఊళ్ళను లెక్కలోంచి తీసేసి మాట్లాడుతున్నారు.

పొరుగువాడి మీద నమ్మకం

ఒలాడా ఎక్వియానో 1789లో అచ్చువేసిన ఆత్మకథలో తన ఊరి గురించి రాసిన ఒక సంగతి మాకు బాగా గుర్తుండిపోయింది. పెద్దవాళ్ళు దూరం చేలకు పోతే, పిల్లలు ఒకచోట చేరి ఆడుకునేవారట. వాళ్ళలో ఒకడు చెట్టెక్కి, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు వస్తున్నారేమోనని కాపలా కాసేవాడట. ఆయన పుట్టింది ఆఫ్రికాలోనా, అమెరికాలోనా అన్న వాదన చరిత్రకారుల్లో ఉంది. ఏమైనా అలాంటి కాపలా ఆనాటి ఊళ్ళకు కొత్త కాదు.

కొన్ని జనాలు ఉండే చోటే మార్చుకున్నాయి. బెనిన్ దేశంలోని నొకూవే సరస్సులో గాన్వియే అనే ఊరు ఉంది. ఇళ్ళన్నీ నీళ్ళలో పాతిన గుంజల మీదే. దహోమీ సైన్యానికి నీటి మీద యుద్ధం చేయకూడదన్న మత కట్టుబాటు ఉండేదని, అది తెలిసి టోఫిను జనం సరస్సులోకి వెళ్ళారని అక్కడి చరిత్ర. ఇప్పుడు పర్యాటకులు అందంగా ఉందని ఫొటోలు తీసుకుంటారు. ఆ ఊరి అందం వెనక ఉన్నది భయం. సారవంతమైన నేల వదిలి ఎక్కడానికి కష్టమైన చోటుకో, నీళ్ళలోకో పోయిన జనం బతికారు. దారి, సంత, పొరుగు పొత్తు పోగొట్టుకున్నారు.

ఈ నష్టాన్ని కొలిచే ప్రయత్నం ఇటీవల జరిగింది. నాథన్ నన్ అనే ఆర్థికవేత్త 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఎక్కువమంది బానిసలను పోగొట్టుకున్న దేశాలే నేడు ఎక్కువ పేదవని తేలింది. ముందు నుంచీ పేదవి కాబట్టే అమ్మాయేమో అన్న అనుమానానికి ఆయన జవాబు వెతికారు. ఆ రోజుల్లో జనసాంద్రత ఎక్కువగా, కాస్త బాగా ఉన్న ప్రాంతాల నుంచే ఎక్కువమందిని పట్టుకుపోయారని చూపించారు. 2011లో ఆయన, బెనిన్ దేశస్థుడైన లియొనార్డ్ వాంచెకాన్ కలిసి ఇంకో పరిశోధన ప్రచురించారు. 17 దేశాల్లో జరిగిన సర్వేలో బంధువుల్ని, ఇరుగుపొరుగును, స్థానిక పాలకుల్ని ఎంత నమ్ముతారని అడిగిన జవాబులు తీసుకున్నారు. ఏ జనాల నుంచి ఎక్కువమందిని అమ్మారో, ఆ జనాల వారసుల్లో నమ్మకం నేటికీ తక్కువగా ఉంది. చెట్టు మీద కాపలా ఉన్న పిల్లవాడి భయం కథగానో, సామెతగానో, పెంపకంగానో ముందు తరాలకు దిగింది. గణాంకాల లెక్క ఒక్కటే చరిత్రను రుజువు చేయదు. కానీ రాడ్నీ లెక్క వేయలేకపోయిన ఒక నష్టాన్ని ఈ ఇద్దరూ చేతికి అందేలా చేశారు. అప్పు ఇవ్వడానికి, కలిసి చెరువు తవ్వడానికి, సొసైటీ పెట్టుకోవడానికి నమ్మకమే పెట్టుబడి. అది లేని చోట ఏ పథకమూ నిలవదు.

చట్టం వచ్చిన తర్వాత

బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించింది. పాఠ్యపుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. ఊరి కథ ఆగలేదు. కొనేవాళ్ళు తగ్గేసరికి తీరంలో బందీల ధర పడింది. యూరప్ ఫ్యాక్టరీలకు ఇప్పుడు పామాయిల్, వేరుశెనగ కావాలి. దహోమీలో, నైజర్ నది ముఖద్వారం దగ్గర పామాయిల్ పనికి, జాంజిబార్‌లో లవంగాల తోటలకు బానిసలనే దింపారు. చాలా చోట్ల ఆఫ్రికా లోపలి బానిసత్వం 19వ శతాబ్దంలోనే బాగా పెరిగింది. ఒమొరో కొడుకులకు వివరించిన ఇంటి బానిసత్వం అనాదిగా అలాగే ఉందనుకోవడం ఈ కారణం వల్లనే కుదరదు. ఓడల గిరాకీ దాన్ని పెంచింది, ఓడలు ఆగాక అది ఇంకా కరుకైంది.

ఆ బానిసత్వాన్ని తుడిచిపెడతామనే యూరప్ మళ్ళీ వచ్చింది. 1861లో లాగోస్‌ను బ్రిటన్ కలుపుకున్నప్పుడు చెప్పిన కారణం బానిస వ్యాపార నిర్మూలన. 1884-85లో బెర్లిన్‌లో కూర్చుని ఆఫ్రికాను పంచుకునేటప్పుడూ ఆ మాట వాడారు. ఆ పంపకంలో కాంగోను దక్కించుకున్న బెల్జియం రాజు లియోపోల్డ్, రబ్బరు కోసం ఊళ్ళకు ఊళ్ళను వెట్టిలోకి దింపాడు. మూడు శతాబ్దాల పాటు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడేలా చేసిన జనాలు అప్పుడు కలిసి నిలబడలేకపోయాయంటే ఆశ్చర్యం ఏముంది?

మనం ఎలా చదవాలి?

'ఏడు తరాలు'ను పక్కన పెట్టమని మేము అనడం లేదు. పేరు, భాష, జ్ఞాపకం ఎలా నిలబడతాయో అంత బలంగా చెప్పిన పుస్తకాలు తక్కువ. కానీ దాన్ని ఒక్కదాన్నే చదివితే రెండు నష్టాలున్నాయి. ఒకటి, తెల్లవాడు రాకముందు అంతా బాగుందన్న ఊహ. ఈ ఊహ మన రచనల్లోనూ ఉంది. గూడెం గురించి రాయగానే అప్పు, చేతబడి నెపం, ఇంటి ఆడవాళ్ళ మీద బరువు, బయటి షావుకారుతో కలిసిపోయిన ఊరి పెద్ద మాయమైపోతారు. ఊరిని మచ్చ లేకుండా చూపిస్తే, దోపిడీ లోపలికి ఏ దారిన వచ్చిందో చెప్పే అవకాశం మనమే పోగొట్టుకుంటాం. రెండో నష్టం, ఎవరైనా 'వాళ్ళవాళ్ళే అమ్ముకున్నారు కదా' అంటే నోరు మూతపడటం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన వెట్టినీ అట్లాంటిక్ బానిసత్వాన్నీ ఒకటేనని సభల్లో అనేస్తుంటారు. చప్పట్లు పడతాయి. రెండూ ఒకటి కావు. మనిషిని, అతని కడుపున పుట్టబోయే బిడ్డల్ని సముద్రం అవతల శాశ్వత ఆస్తిగా రాసుకున్న వ్యవస్థ అది. దాని బరువును దానికే ఉంచాలి. మనం నేర్చుకోవాల్సింది పోలిక కంటే పద్ధతి: నష్టాన్ని ఎక్కడ నుంచి కొలవాలి, ఎవరిని లెక్కలో వదిలేశారు అని అడగడం.

టీచర్లకు ఒక సూచన. ఈ నవల పాఠంగా చెప్పినా, లైబ్రరీ పీరియడులో చదివించినా, పిల్లల చేత ఒక పేజీ రాయించండి. కుంటా కట్టె కోసం వెళ్ళి రాని రోజు నుంచి వచ్చే వానాకాలం దాకా బింటా ఇంట్లో ఏం జరిగి ఉంటుంది? చేను ఎవరు వేశారు, లామిన్‌ను అడవికి పంపారా, ఊరి పెద్దల దగ్గరకు వెళ్ళారా, వెళితే వాళ్ళేమన్నారు, పక్కూరి మీద ఎవరికి అనుమానం వచ్చింది? హేలీ రాయని పేజీ అది. మన పిల్లలు బాగా రాయగలరు.